ఖాళీ మణికట్టు

కత్తి పట్టేవాడి చేతులకి ఏమీ ఉండకూడదు. ఉంగరం వద్దు, దారం వద్దు, వాచీ అసలే వద్దు. బాబాయ్‌కి పని నేర్పిన గురువు మొదటిరోజు చెప్పిన మొదటి మాట అది. ఎదుటి మనిషి మెడ పైకెత్తి కళ్లు మూసుకున్నాడంటే ప్రాణం తెచ్చి నీ చేతుల్లో పెట్టాడన్నమాట, ఇక ఆ చేతులకి వేరే అలంకారం దేనికిరా అనేవాడాయన. నలభై ఏళ్లుగా బాబాయ్ ఆ మాట జవదాటలేదు. పెళ్లి ఉంగరం కూడా పొద్దున్నే తీసి చొక్కా జేబులో వేసుకుని మరీ షాపు తెరుస్తాడు.

బాబాయ్ అంటే ఏ ఒక్కరికో బాబాయ్ కాదు, ఆ వీధి వీధికంతా బాబాయే. తాతలూ అలాగే పిలుస్తారు, వాళ్ల మనవలూ అలాగే పిలుస్తారు. అసలు పేరు షాపు బోర్డు మీద ఉండేది గానీ ఎండకి వెలిసిపోయింది, ఎవరికీ లోటనిపించలేదు. షాపులో రెండు కుర్చీలు, రెండు అద్దాలు. మొదటి కుర్చీ తనది, రెండోది అన్నయ్యది. ఏడాదిన్నర కిందట ఒక మధ్యాహ్నం "కాస్సేపు కూర్చుంటానురా" అని అన్నయ్య ఆ రెండో కుర్చీలో వెనక్కి వాలాడు. కునుకు పట్టిందనుకుని బాబాయ్ రేడియో గొంతు తగ్గించాడు. చప్పుడు కాకుండా ఇద్దరికి జుట్టు కూడా కత్తిరించాడు. మూడో ఆయన వచ్చి, నాకు తొందరగా ఉంది, మీ అన్నని లేపవయ్యా అన్నప్పుడు గానీ తెలియలేదు. ఆ రోజు తగ్గించిన రేడియో గొంతు మళ్లీ పెంచలేదు బాబాయ్.

బాబాయ్‌కి ఒక్కతే కూతురు. పెద్దాసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో పని. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదమ్మా అని డాక్టర్లు ఎవరో ఒకరితో అనడం రోజూ వింటుంది. పెద్దనాన్న పోయాక ఆ మాట ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. అందుకే తండ్రి పుట్టినరోజుకి చొక్కా గుడ్డ కాకుండా ఒక వాచీ తెచ్చింది. ముళ్లు లేవు, చక్రాలు లేవు, నల్లటి పలక. తడితే వెలుగుతుంది.

"వాచీ ఉన్నది టైము చూసుకోడానికి. టైము గోడ మీద ఉంది, ఫోన్లో ఉంది. ఇదెందుకే తల్లీ?" అన్నాడు బాబాయ్.

"టైము కోసం కాదు నాన్నా. నీ గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తుంది. తేడా వస్తే నా ఫోనుకి చెబుతుంది."

"నా గుండె సంగతి నీకు చాడీలు చెబుతుందా?"

"అవును. అందుకే కొన్నాను."

కూతురి గొంతు అలా ఉన్నప్పుడు బాబాయ్ వాదన పెట్టుకోడు. చెయ్యి చాపాడు. ఆమె పట్టీ బిగించింది. పలక కింద నించి సన్నగా ఆకుపచ్చ వెలుగు కనిపించింది. బాబాయ్ దాని మీద తువ్వాలు కప్పి, ఆ చీకట్లో ఒక కన్ను పెట్టి చూశాడు. వెలుగు ఆగి ఆగి మెరుస్తోంది.

"ఏం చేస్తోందది?"

"వెలుగుని చర్మం లోపలికి పంపుతుంది. లోపల నెత్తురు పొంగిన ప్రతిసారీ తిరిగొచ్చే వెలుగులో తేడా వస్తుంది. దాన్ని బట్టి లెక్కపెడుతుంది."

"కొయ్యకుండానే?"

"కొయ్యకుండానే."

 బాబాయ్ నలభై ఏళ్లు చర్మం మీద బతికినవాడు. చర్మం అంటే ఆయన దృష్టిలో ఒక సరిహద్దు. ఇవతలిది తన పని, అవతలిది దేవుడి పని. పొరపాటున ఎప్పుడైనా గోరంత అవతలికి వెళితే పటిక ముక్క రాసి, క్షమించమని అడిగి, వెనక్కి వచ్చేస్తాడు. ఇదేమో గాయం చెయ్యకుండా లోపలికి వెళ్లి, చూసి, తిరిగొచ్చి కబురు చెబుతోంది. ఆ పూటంతా పని మధ్యలో నాలుగుసార్లు తువ్వాలు కప్పుకుని చూసుకున్నాడు.

అబ్బురం ఒక వారం నిలిచింది. తర్వాత చిరాకు మొదలైంది. రోజంతా నిలబడే పని చేసే మనిషి టీ తాగుదామని రెండు నిమిషాలు కూర్చుంటే "లేచి నిలబడండి" అని మణికట్టు మీద గిలిగింత పెడుతుందది. కత్తెర ఆడించే చేతిని చూసి నడుస్తున్నాడనుకుంటుంది. గడప దాటకుండా తొమ్మిది వేల అడుగులు వేశావని మెచ్చుకుంటుంది. మెచ్చుకున్నా తప్పే, తిట్టినా తప్పే, ఇలాంటి అత్తగారు ఎవరికీ వద్దు అనుకున్నాడు బాబాయ్.

అసలు తంటా ఉదయం ఏడింటికి. ఆ వీధిలో ఇంకా కత్తితో గడ్డం గీయించుకునే మనిషి ఒక్కరే మిగిలారు. మిగతావాళ్లంతా ఇంట్లోనే గీసుకుని, జుట్టుకి మాత్రం వస్తారు. ఆ ఒక్కరూ డ్రిల్లు మాస్టారు. బళ్లో పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన మనిషి. డెబ్బై రెండేళ్లకి కూడా వీపు గోడలా నిటారుగా ఉంటుంది. ఆరువందల మంది ఒకేసారి నడుస్తుంటే, ఫలానా వరసలో ఫలానావాడు అడుగు తప్పాడని కళ్లు మూసుకుని చెప్పేవాడని ప్రతీతి. బాబాయ్ కూతురు కూడా ఆయన చేత దెబ్బలు తిన్నదే. మాత్ర మింగడం ఎరగనని ఆయన గొప్ప. ఇరవై ఆరేళ్లుగా రోజూ ఏడు కొట్టేసరికి మొదటి కుర్చీలో ఉంటాడు. నురగ రాసేదాకా లోకం మీద విసుక్కుంటాడు, కత్తి మెడకి తగలగానే నిద్రలోకి జారిపోతాడు. గొంతు మీద కత్తి ఉండగా గుర్రు పెట్టే మనిషిని బాబాయ్ మరొకర్ని చూడలేదు.

ఇక్కడే గురువు మాట అడ్డొచ్చింది. జుట్టు కత్తిరించేటప్పుడు వాచీ ఉన్నా పరవాలేదు గానీ, కత్తి పట్టేముందు తియ్యాలి. బాబాయ్ తీసి అద్దం పక్క మేకుకి తగిలించాడు. రెండు నిమిషాలు తిరక్కుండా ఫోను మోగింది.

"నాన్నా, వాచీ ఎందుకు తీశావు?"

"మాస్టారి గడ్డం గీస్తున్నానమ్మా."

"నాకు భయం వేస్తుంది నాన్నా, తియ్యకు."

ఇలా నాలుగు రోజులు. చేతి నిండా నురగ, చెవి దగ్గర ఫోను, కుర్చీలో సగం గడ్డంతో మాస్టారు. అయిదో రోజు మాస్టారికి ఒళ్లు మండింది.

"ఇటివ్వవోయ్ ఆ బొమ్మని. నా చేతికి కట్టు. దానికి కావలసింది కొట్టుకునే గుండె ఒకటి. నీదైతేనేం, నాదైతేనేం?"

బాబాయ్ నవ్వి ఆయన చేతికి కట్టాడు. ఫోను మోగలేదు. ఆ ఉపాయం ఇద్దరికీ నచ్చింది. ఆ రోజు నించి మాస్టారు కుర్చీలో కూర్చోగానే చెయ్యి చాపడం, బాబాయ్ తన చేతి వాచీ తీసి ఆ చేతికి కట్టడం, పని అయ్యాక తీసి మళ్లీ తను పెట్టుకోవడం అలవాటైపోయింది. బడి ఎగ్గొట్టి వచ్చిన ఇద్దరు పిల్లలకుండే సరదా ఉండేది వాళ్లకి అందులో. ఆ ముచ్చటకి పెట్టిన పేరు "హాజరు పట్టీ".

మూడో వారంలో ఒక ఉదయం కూతురు ఆటో దిగి పరుగున షాపులోకి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికి మాస్టారు వెళ్లిపోయాడు.

"నాన్నా, ఎలా ఉంది నీకు? ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"నాకేమైందే?"

ఆమె ఫోను చూపించింది. గుండె లయ తప్పుతున్నట్టు కనిపిస్తోంది, డాక్టర్ని కలవండి అని ఉంది. ఆ వారంలో అలాంటిది అయిదోది. మొదటి నాలుగూ ఆమె తనలోనే దాచుకుంది, నాన్న కంగారు పడతాడని. అయిదోది ఇక దాచలేకపోయింది.

బాబాయ్ రెండో కుర్చీ వైపు చూశాడు. వద్దనుకుంటూనే చూశాడు. 

ఆసుపత్రిలో అన్నీ చేశారు. ఛాతీకి తీగలంటించి గీతలు తీశారు, నెత్తురు తీశారు, పరిగెత్తించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఈ తేడా వచ్చి పోతుంటుందండీ, మనం చూసినప్పుడే రావాలని లేదు అన్నాడు అక్కడి డాక్టరు. రెండు రోజులు ఛాతీకి ఒక డబ్బా అంటించి, ఇంట్లో విశ్రాంతిగా ఉండమన్నాడు. అందులోనూ ఏమీ పడలేదు. వాచీ మాత్రం చేతికే ఉంది, అదీ ఏమీ అనలేదు. కూతురు దాన్ని తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. షాపు తెరిచినన్నాళ్లూ తేడా వచ్చింది, షాపు మూసేసరికి ఆగింది. అంటే నాన్న ప్రాణం తీస్తున్నది షాపే.

"చాలు నాన్నా. నలభై ఏళ్లు నిలబడ్డావు. పక్క షాపు టైలరు ఎప్పటినించో అడుగుతున్నాడు. నెలాఖరుకి తాళాలిచ్చేద్దాం."

 బాబాయ్ భార్య కూడా కూతురి పక్షమే. ఇంట్లో ముగ్గురైతే ఇద్దరు ఒకటయ్యాక మూడోవాడి మాట ఏం చెల్లుతుంది? నిజం చెప్పాలంటే ఆయనకీ భయం పట్టుకుంది. మెట్లెక్కితే గుండె మీద చెయ్యి వేసుకుంటున్నాడు. అన్నం తింటూ ఆగిపోయి లోపలికి చెవి పెడుతున్నాడు. అన్నిటికంటే పెద్ద దిగులు వేరే ఉంది. కత్తి మాస్టారి గొంతు మీద ఉండగా తనకీ అన్నయ్యకి అయినట్టే అయితే? ఆ ఆలోచన వచ్చాక చేతులు వాటంతట అవే వణికేవి. వణికే చేతులకి షాపెందుకు, ఇచ్చెయ్యడమే న్యాయం అనుకున్నాడు. అనుకుని, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. కత్తి లేకపోతే తనెవరో ఆయనకి తెలియదు.

షాపు మూసి తొమ్మిది రోజులైంది. ఆ సాయంత్రం టైలరుతో మాట ఖాయం చెయ్యాలి. బాబాయ్ ఇంకా ఊగిసలాడుతున్నాడని కూతురు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫోను ముందు పెట్టింది.

"నీ కళ్లతో నువ్వే చూడు. అయిదుసార్లు. తారీకుతో సహా ఉంది. నేను కల్పించి చెప్పడం లేదు."

బాబాయ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. తారీకుల పక్కన టైము కూడా ఉంది. ఏడూ పన్నెండు. ఏడూ పద్దెనిమిది. ఏడూ తొమ్మిది. ఏడూ ఇరవై ఒకటి. ఏడుంపావు.

ఒకసారి చదివాడు. వేలు పెట్టి మళ్లీ చదివాడు. పొద్దున ఏడుకీ ఏడున్నరకీ మధ్య ఆ వాచీ తన చేతికి ఉండదు.

"నాది కాదు," అన్నాడు, పైకే అన్నాడు గానీ కూతురికి అర్థం కాలేదు. లేచి గబగబా పెరటి కొళాయి దగ్గరికి వెళ్లి ముఖం మీద నీళ్లు చల్లుకున్నాడు. నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో కడుపులోంచి వచ్చిన నవ్వు. తన గుండె గుండ్రాయిలా ఉంది. షాపు ఉంటుంది, కత్తి ఉంటుంది, రేపు పొద్దున్నే తలుపు తీస్తాడు. తువ్వాలు అందుకుని మెడ తుడుచుకుంటున్నాడు. ఆ తుడుచుకోవడంలో చెయ్యి మెడ మీద ఆగింది. అప్పుడు ఇంకో మెడ గుర్తుకొచ్చింది. కత్తి కింద పసిబిడ్డలా నిద్రపోయే మెడ.

బాబాయ్ కొళాయి గట్టు మీద చతికిలబడ్డాడు. మాస్టారి ప్రాణం మీదికి వచ్చిన కబురు విని తను ఒక నిమిషం పాటు నవ్వాడు. ఆ నిమిషానికి తర్వాత ఎన్నో రోజులు తనని తాను క్షమించుకోలేకపోయాడు.

లోపలికొచ్చి కూతురికి అంతా చెప్పేశాడు. మేకు, ఫోన్లు, హాజరు పట్టీ. కూతురి ముఖం ముందు ఎర్రబడింది.

"నన్ను మోసం చేశారా ఇద్దరూ? నేను ఇన్ని రోజులు నిద్రలేకుండా..." అంటూ మధ్యలో ఆగిపోయింది. ఆమెకి కూడా అందింది విషయం. "అయితే ఆ గుండె మాస్టారిదా?"

"మాస్టారిదే."

"ఆయనకి తెలుసా?"

"మనకే ఇప్పుడు తెలిసింది కదమ్మా."

ఆమె చెప్పులు వేసుకుంది. టైలరు ఎదురొచ్చి ఏదో అడగబోతే, తర్వాత మాట్లాడదామండీ అని నడుస్తూనే చెప్పింది. బాబాయ్ వెనకే నడిచాడు. చేతిలో సామాన్ల పెట్టె ఉంది. ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు, బయటికి వెళుతుంటే చెయ్యి అలవాటుగా అందుకుంది.

మాస్టారిది మూడు వీధుల అవతల ఒంటి గది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంటుంది. గోడకి మేకు, మేకుకి ఈల. తలుపు తీసిన మనిషిని చూసి బాబాయ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇరవై ఆరేళ్లలో ఆ ముఖం మీద రెండో రోజు గడ్డం చూడలేదు. ఇప్పుడు తొమ్మిది రోజుల తెల్లగడ్డం ఉంది.

"ఇదేమిటి మాస్టారూ?"

"నువ్వు లేచి తిరిగేదాకా ఇంతే. ఇంకొకడి చేతికి మెడ ఇవ్వను," అన్నాడాయన. "ఎలా ఉందోయ్ నీ గుండె?"

ఆ మాటకి బాబాయ్ కూతురి వైపు చూశాడు. కూతురే చెప్పింది, మెల్లగా, కౌంటర్లో చెప్పే పద్ధతిలో. మాస్టారు చివరిదాకా విన్నాడు. విని ఫక్కుమని నవ్వాడు.

"నేను రోజూ గంట నడుస్తానే పిల్లా. ఆయాసం లేదు, నొప్పి లేదు. కత్తెర ఆడిస్తే నడుస్తున్నాడనుకునే బొమ్మ చెబితే నేను ఆసుపత్రికి రావాలా? మీ నాన్న తొమ్మిది వేల అడుగులు వేశాడన్నది కూడా అదే కదా?"

 ఎవరేం చెప్పినా ఆయన వినే రకం కాదు. కోపం ముక్కు మీద ఉంటుంది, పట్టుదల నెత్తి మీద ఉంటుంది. బాబాయ్ అప్పటికి పెట్టె కింద పెట్టాడు.

"సరే, ఆసుపత్రి మాట వదిలెయ్యండి. గడ్డం గీస్తాను, కూర్చోండి."

దానికి మాస్టారు సంతోషంగా కూర్చున్నాడు. బాబాయ్ వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. నురగ కలపలేదు. ఆయన గడ్డం పైకెత్తి, దవడ కింద రెండు వేళ్లు ఆనించాడు. రోజూ ఆనించే చోటే. చర్మం లాగిపట్టడానికి ఆనించేవాడు, వినడానికి ఎప్పుడూ ఆనించలేదు. ఇప్పుడు విన్నాడు.

ఒకటి. రెండు. ఏమీ లేదు. మూడూ నాలుగూ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ. మళ్లీ ఏమీ లేదు. అయిదు, ఉందో లేదో అన్నట్టు.

 ఇరవై ఆరేళ్లు. రోజుకో అరగంట. ఈ లోకంలో ఈ మెడని తనకంటే ఎక్కువగా ముట్టుకున్న మనిషి లేడు. ఎన్నాళ్లనించి ఇలా కొట్టుకుంటోందో, ఎన్ని పొద్దులు తన వేళ్ల కిందే తడబడిందో. ఆ ఆకుపచ్చ వెలుగు మూడు వారాల్లో విన్నది తన వేళ్లు వినలేదు. వాటికి వినే శక్తి లేక కాదు, అడిగినవాళ్లు లేక.

"మాస్టారూ, మీ చెయ్యి ఇటివ్వండి." ఆయన రెండు వేళ్లు తీసుకుని, తన వేళ్లున్న చోటే ఆనించాడు. "దొరికిందా?"

"దొరికింది. అయితే?"

"దాని చేత కవాతు చేయించండి."

మాస్టారు ఆయన వైపు వింతగా చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. "లెఫ్ట్... రైట్... లెఫ్ట్..." ఆగాడు. నొసలు ముడిపడింది. మొదటినించి మొదలుపెట్టాడు. "లెఫ్ట్... రైట్..." మళ్లీ ఆగాడు. మూడోసారి గొంతు కొంచెం పెంచి, బళ్లో మైదానం మీద పలికినట్టే పలికాడు. అయినా ఆ లోపలిది ఆయన మాట వినలేదు.

 కూతురు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారు కళ్లు తెరిచేసరికి వాటిలో ఎప్పుడూ లేని బెదురు ఉంది.

"అడుగు తప్పుతున్నాడోయ్," అన్నాడు చిన్నగా. "నా వరసలోనే."

లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీ కుదరకపోతే బాబాయ్ పెట్టాడు.

ఆసుపత్రిలో ఈసారి పడుకున్నది మాస్టారు, పక్కన నిలబడ్డది బాబాయ్. ఛాతీ మీద జిగురు రాసి ఒక చిన్న పరికరం ఆనించగానే తెర మీద బూడిదరంగులో ఏదో కదిలింది. అదే గుండె అంది డాక్టరమ్మ. బాబాయ్ నోరు తెరుచుకుని చూశాడు. చిన్న చిన్న తలుపుల్లాంటివి తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆ మనిషి పుట్టకముందు మొదలైన పని. డెబ్బై రెండేళ్లు. ఒక్క సెలవు లేదు, ఒక్క పూట ఆలస్యం లేదు. నిద్రపోయినా, అలిగినా, పిల్లల్ని తిట్టినా, అది మాత్రం తన పని తను చేసుకుంటూ పోయింది. తను నలభై ఏళ్లు నిలబడ్డానని గొప్పలు పోయిన సంగతి గుర్తొచ్చి బాబాయ్‌కి సిగ్గేసింది. తెలియకుండానే తెర ముందు రెండు చేతులూ జోడించాడు. ఎవరూ నవ్వలేదు.

"పై గది వణుకుతోంది, చూశారా?" అంది డాక్టరమ్మ. "వణికేచోట నెత్తురు నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ తలకి ఎక్కితే చెయ్యో కాలో మాటో పోవచ్చు. ఇంకా ఏమీ కట్టలేదు. మందులతో దారిలో పెట్టొచ్చు. ఇంతకీ ఎలా కనిపెట్టారు? ఈయనకి ఏ బాధా లేదంటున్నారే."

కూతురు చెప్పింది. డాక్టరమ్మ మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపి బాబాయ్ జేబులోంచి తీసిన వాచీ వైపు చూసింది, ఆ తర్వాత బాబాయ్ వేళ్ల వైపు చూసింది.

ఆ వాచీ నిజంగా పనికొచ్చే వస్తువేనా అని ఆ వీధిలో ఇప్పటికీ వాదనలే. టైలరు పనికిరాదంటాడు, తన లాభం పోయింది గనక. నిలబడి పని చేసేవాణ్ని నిలబడమన్నది అదే, చేతిని కాలనుకున్నదీ అదే. కానీ గుండె దగ్గర అది అబద్ధం చెప్పలేదు. అయిదుసార్లు తలుపు తట్టింది. ఎవరింటి తలుపో మాత్రం దానికి తెలియదు. అది తెలియడానికి రోజూ ఏడింటికి ఒక మెడ ముందు నిలబడే మనిషి కావాల్సి వచ్చింది.

మాస్టారు మూడు వారాలకి ఇంటికొచ్చాడు. అడుగు మళ్లీ కుదిరింది. వాచీని కూతురు ఆయన చేతికే కట్టి, ఫోను తన దగ్గరే పెట్టుకుంది. ఒక చీటీ కూడా చేతికొచ్చింది. నెత్తురు పలచబడే మాత్రలు, రోజూ, బతికినన్నాళ్లూ. చీటీ అడుగున ఒక వాక్యం ఉంది. చిన్న గాటు పడినా నెత్తురు త్వరగా ఆగదు, కత్తితో గడ్డం గీయించుకోవద్దు, మిషను వాడండి.

మర్నాడు ఏడు కొట్టేసరికి మాస్టారు మొదటి కుర్చీలో ఉన్నాడు.

"చీటీ చదివారా?" అన్నాడు బాబాయ్.

"చదివాను. నురగ కలుపు."

"మాస్టారూ, నా మాట వినండి. చిన్న గాటు..."

"ఇరవై ఆరేళ్లలో ఎన్ని పెట్టావు?"

"రెండు."

"రెండూ నేను తుమ్మినప్పుడు. ఇవాళ తుమ్మను. కానీయ్."

బాబాయ్ నురగ కలిపాడు. కత్తిని తోలు పట్టీ మీద ఎప్పటికంటే ఎక్కువసేపు నూరాడు. ఉంగరం జేబులో ఉందో లేదో రెండుసార్లు తడుముకున్నాడు. నలభై ఏళ్ల పనిలో మొదటిసారి కత్తి బరువు తెలిసింది. మాస్టారు తల వెనక్కి వాల్చాడు. చెయ్యి కుర్చీ కొయ్య మీద ఉంది, పలక పైకి కనిపిస్తోంది. మెట్టెక్కి వచ్చిన ఆయాసానికి గుండె వేగం ఎనభై ఎనిమిది ఉంది. నురగ రాస్తుంటే ఎనభై.

బాబాయ్ ఊపిరి బిగబట్టి కత్తిని గొంతు మీద ఆనించాడు. ఆనించి, పలక వైపు చూశాడు.

డెబ్బై నాలుగు. డెబ్బై. అరవై ఆరు.

ఆయన కత్తి కదపకుండా అలాగే నిలబడ్డాడు. తప్పు చూస్తున్నానేమోనని మళ్లీ చూశాడు. అరవై రెండు. గొంతు మీద ఉక్కు ఉంది. గాటు పడితే ఏమవుతుందో ఆ మనిషికి అక్షరం అక్షరం తెలుసు. అయినా లోపల, చర్మానికి అవతల, దేవుడి పని అనుకున్న ఆ చోట, ఆ గుండె కుదుటపడుతోంది. ఇరవై ఆరేళ్లూ ఇలాగే కుదుటపడి ఉంటుంది. ఈ మాట మాస్టారు ఎన్నడూ నోటితో అనలేదు, అనడానికి ఆయనకీ తెలియదు. ఇంత నమ్మకం తన చేతుల్లో రోజూ అరగంట పాటు ఉండేదని, తను దాన్ని పట్టుకుని రేడియో వింటూ నిలబడేవాడినని బాబాయ్‌కి ఇవాళ అంకెల్లో కనిపించింది. కళ్లు నిండాయి. చెయ్యి మాత్రం వణకలేదు. ఆ పూట ఆ చెయ్యి గీసినంత మెత్తగా ఎప్పుడూ గీయలేదు.

మాస్టారు గుర్రు పెట్టాడు. బాబాయ్ పని పూర్తి చేసి, వేడి తువ్వాలు అద్ది, కిటికీ వెలుగులో మెడంతా వెతికాడు. చుక్క నెత్తురు లేదు.

"అయిందా?" అన్నాడు మాస్టారు కళ్లు తెరవకుండానే. "ఏమంటోందోయ్ నీ బొమ్మ?"

బాబాయ్ నోరు తెరిచాడు. చెప్పడానికి ఇరవై ఆరేళ్లంత ఉంది. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏడున్నర అయిందంటోంది మాస్టారూ," అన్నాడు.